ఒంటిపోగు గొలుసు

ఈమధ్య రెడీమేడ్ చొక్కాలకు గుండీలు ఎవరు కుడుతున్నారో గానీ, వాళ్ళకు ఆ పని మీద పెద్దగా ఇష్టం ఉన్నట్టు లేదు. రెండు ఉతుకులకు ఒక గుండీ ఊడుతుంది. అదీ పొట్ట దగ్గరిదే. మిగతావన్నీ గట్టిగా ఉండి సరిగ్గా అదొక్కటే ఎందుకు ఊడుతుందని ఒకసారి ఇంట్లో అడిగాను. మా ఆవిడ సుజాత నన్నోసారి పైనుంచి కిందికి చూసి, జవాబు చెప్పకుండా సూదీ దారం తెచ్చి చేతిలో పెట్టింది. అప్పటినుంచి మా ఇంట్లో గుండీల శాఖ నాదే.

మొన్న ఆదివారం నాగర్‌కర్నూల్‌లో మా అద్దె ఇంటి వరండాలో అదే పనిలో ఉన్నాను. దారం కొస తడిపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పురి పెడుతుంటే దారపు ఉండ జారి దొర్లింది. ఎదురుగా వస్తున్న మా కేసరి మెడ మీద ఆ తెల్లదారం అడ్డంగా పడింది. కేసరి గోల్డెన్ రిట్రీవర్. ముప్పై రెండు కిలోలు. ఉన్నచోటే ఆగి, మెల్లగా నేల మీద పడుకుని, గడ్డం ముందుకాళ్ళ మీద ఆనించి, ఇక నీ దయ అన్నట్టు నా వైపు చూశాడు. మెడ మీద దారం ఉన్నంతసేపూ వాడు లేవడు. లేస్తే దారం తెగుతుంది కదా! నా వేళ్ళ మధ్య పురికీ, వాడి మెడ మీది పోగుకూ గురువు ఒక్కరే. గద్వాల సిద్దప్ప మామ.

ఆయన నాకు చుట్టం కాదు. మాది వనపర్తి. గద్వాలలో ఒక కాలేజీలో ఉద్యోగం వచ్చి, నేతవాళ్ళ వీధిలో ఇల్లు అద్దెకు తీసుకుంటే, గోడకు అవతల ఆయన మగ్గం ఉంది. అంతే చుట్టరికం. ఆయనా, ఆయన భార్య శంకరమ్మ అత్తా కలిసి నేసేవారు. గద్వాల చీరకు నడుమంతా నూలు, అంచులు పట్టు. నేస్తున్నంతసేపూ ఆ రెండూ ఒకదానిలో ఒకటి పెనవేసుకుంటూ పోవాలి. ఒక మనిషి చేతులు చాలవు. ఆయన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని చీర నడుమ నేస్తుంటే, ఆమె పక్కన కూర్చుని, అంచు దారం మోసే నాడెను అటూ ఇటూ విసిరేది. మామకు మాటలు తక్కువ. తల్లి రాయచూరు వైపు మనిషి కావడంతో ఆ తక్కువ మాటల్లోనూ సగం కన్నడం. కళ్ళజోడు కాలు విరిగితే దారంతో కట్టుకున్నారు; ఆ కట్టు ఎంత నాజూగ్గా ఉండేదంటే, చాలా రోజులు నేను అది కంపెనీవాళ్ళ పనే అనుకున్నాను.

కేసరిని తెచ్చింది సుజాత తమ్ముడు. హైదరాబాదులో అపార్టుమెంటు కొని, కుక్కపిల్లను కొని, ఆ రెండూ ఒకచోట ఇమడవని తెలుసుకున్నాక, ‘బావా, మీకైతే వాకిలి ఉంది’ అంటూ నాలుగు నెలల పిల్లను దించి వెళ్ళాడు. రంగు చూసి మా అమ్మాయి చిట్టి కేసరి అని పేరు పెట్టింది. నేను జువాలజీ లెక్చరర్ని కాబట్టి శిక్షణ నాకు అప్పగించారు. నేను వీడియోలు చూసి ఇంగ్లీషులో మొదలుపెట్టాను. సిట్ అంటే నిలబడేవాడు. స్టే అంటే వెళ్ళిపోయేవాడు. కమ్ అంటే మాత్రం కాసేపు ఆలోచించేవాడు. నెల తిరక్కుండా మూడు చెప్పులు, టీవీ రిమోటు, ఒక విద్యార్థి కప్ప బొమ్మ వేసిన రికార్డు పుస్తకం తినేశాడు. ఆ విద్యార్థికి నేను పూర్తి మార్కులు వేశాను. నేను చెప్పే సబ్జెక్టు ఏమిటో తెలిసి కూడా ఆ వీధిలో ఎవరూ నా ముందు ఆ మాట ఎత్తలేదు. అది వాళ్ళ మర్యాద.

ఆ మర్యాదకు ఒకరోజు పొద్దున హద్దు తెలిసింది. చీర పొడవునా పోయే దారాలను పడుగు అంటారు. మగ్గానికి ఎక్కించే ముందు ఆ పడుగును వీధిలో ఈ కొస నుంచి ఆ కొసకు సాగదీసి, కర్రల మీద నిలిపి, గంజి పట్టిస్తారు. ఎండ ముదరక ముందే ఆ పని అయిపోవాలి. అంతసేపూ సైకిళ్ళు కూడా పక్క వీధి నుంచి తిరిగి పోతాయి. ఈ ఏర్పాటు కేసరికి ఎవరూ చెప్పలేదు. వాడికి తెలిసిందల్లా గంజి వాసన. వీధి పొడవునా ఎవరో తనకోసం అన్నం ఆరేశారనుకున్నాడు. మెడపట్టీలోంచి తల జార్చుకుని వెళ్ళి, ఒక కొసన నాకడం మొదలుపెట్టి, రుచి నచ్చి లోపలికి నడిచాడు. ఆ తర్వాత బయటికి దారి దొరకలేదు. నేను వెళ్ళేసరికి పడుగు మధ్యలో సాలెగూటిలో ఈగలా ఉన్నాడు. కాకపోతే చాలా సంతోషంగా ఉన్న ఈగ.

వీధి పెద్ద నర్సింలు కేకలు వేస్తున్నాడు. "ఏంది సారూ గిది? కుక్కనా, కోడెదూడనా? నెలదినాల కష్టం గద! నాకు ఒక్కటే మాట. కుక్కన్న పోవాలె, మీరన్న పోవాలె!"

చిట్టి కుక్క మెడను కావలించుకుని ఏడుస్తోంది. ఇద్దరికీ ఒళ్ళంతా గంజి. బావమరిదికో, మామయ్యకో, ఎవరికి ఫోన్ చేసినా ఆ కుక్కను మళ్ళీ తీసుకునేవాళ్ళు లేరని నాకు తెలుసు. ఇంతలో పడుగు రెండో కొస దగ్గర గొంతుక్కూర్చున్న సిద్దప్ప మామ తల ఎత్తకుండానే అన్నారు. "నర్సింలూ, పడుగు నాది. నీదేం తెగింది?"

"ఇయ్యాల నీది తెగింది, రేపు నాది తెగుతది."

"నీ పడుగు అమాస దాటినంక గద. గప్పటి దాక ఆగు. గప్పుడు గూడ గిది తొక్కితే, నేనే బస్సెక్కిస్త."

ఎవర్ని బస్సెక్కిస్తారో, కుక్కనో నన్నో, ఆయన స్పష్టంగా చెప్పలేదు. అడిగే ధైర్యం నాకు రాలేదు. తర్వాత నా వైపు తిరిగి, "సారూ, నిలబడి చూస్తె అతుక్కుంటయా? కూసో" అన్నారు.

ఇస్త్రీ ప్యాంటుతో వీధిలో కూర్చున్నాను. తెగిన రెండు కొసలనూ పక్కపక్కన చేర్చి, వేళ్ళకు కాస్త బూడిద అద్దుకుని, పురి పెట్టి కలపాలి. ముడి వేయకూడదు. ముడి లావై మగ్గంలో ఎక్కడో ఒకచోట ఇరుక్కుని మళ్ళీ తెగుతుంది. నేను అతికినవి చేయి తీయగానే ఊడిపోయేవి. ఆయన అతికిన చోటు ఎక్కడో కళ్ళకు కనిపించేది కాదు. అవతలి పక్క నుంచి శంకరమ్మ అత్త, నేను ఒకటి అతికేలోగా పది అతుకుతూ వచ్చింది. ఆ రోజు నా క్లాసులు పోయాయి. పిల్లలు చాలా సంతోషించారని తర్వాత తెలిసింది.

మర్నాడు పొద్దున్నే కేసరిని మగ్గం దగ్గరికి తీసుకురమ్మన్నారు. నేను కొత్తగా కొన్న ఇనుప గొలుసుతో సహా వెళ్ళాను. మామ దాన్ని చేత్తో బరువు చూసి, "దీంతోని ఎద్దును కడ్తవా?" అని మూలకు పెట్టేశారు. దారం చుట్టిన కండెలోంచి ఒకే ఒక్క నూలుపోగు లాగి, ఒక కొస కేసరి మెడపట్టీకి, రెండో కొస మగ్గం గుంజకు కట్టారు.

"గింతేనా మామా? తెంపుకుంటడు గద."

"తెంపుకోని. నువ్వెందుకున్నవ్ మరి?"

ఏర్పాటు ఇదీ. పోగు తెగగానే మగ్గం ఆగుతుంది. ఇద్దరూ చేతులు ఒళ్ళో పెట్టుకుంటారు. కుక్క వైపు ఎవరూ చూడరు, ఎవరూ తిట్టరు. నేను బూడిద అద్దుకుని పోగు అతకాలి. అతికాక మగ్గం మళ్ళీ ఆడుతుంది. చీర అంచులో ఒక గోపురం బొమ్మ పూర్తయ్యేదాకా పోగు తెగకపోతే, శంకరమ్మ అత్త పక్కనున్న గుడ్డ మూటలోంచి మామ ఒక జొన్నరొట్టె ముక్క తీసి వేస్తారు. చూడ్డానికి తేలిక. మొదటిరోజు ఒక్క గోపురం కూడా లేవలేదు. కేసరి ఈగను చూసి లేచాడు, బల్లిని చూసి లేచాడు, ఏమీ కనిపించక కూడా లేచాడు. "గీ కుక్క సదువయ్యె వరకు చీర ముసల్దయితది" అంది అత్త.

మూడోరోజు వరసగా నాలుగుసార్లు తెగేసరికి నేను కేసరి మీద అరిచాను. క్లాసులో నాకది అలవాటే. సుద్దముక్క గురి చూసి విసరడంలో నాకు కాలేజీలో మంచి పేరుండేది. కేసరి చెవులు వెనక్కి పోయాయి. మామ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"సారూ, చీరల పోగు తెగితె చీరను తిడ్తమా?"

"అది కుక్క గద మామా. దానికి తెల్వాలె గద."

"దానికి తెల్వాల్నంటె నీ చెయ్యి నిదానం గావాలె. కోపంల అతికితె పురి వదులైతది. మల్ల గాడ్నే తెగుతది. నిన్న సంది గాడ్నే తెగుతుంది, సూస్కో."

చూశాను. నిజంగానే నేను అతికిన చోటే తెగుతోంది. కేసరి లేవకపోయినా, తల తిప్పితే చాలు, నా అతుకు ఊడుతోంది. మూడు రోజులుగా నేను తిడుతున్నది నా పనితనాన్నే. "గీ ముచ్చట నాకు మాత్రం ఎన్నడు చెప్పలె. నా మీద అరుసుడే తెలుసు" అని అత్త నాడె విసురుతూ అంది. మామ వినపడనట్టు తొక్కుడుకర్ర తొక్కారు.

ఆ రోజు నుంచి నేను కుక్క సంగతి వదిలేసి పోగు సంగతి చూసుకున్నాను. మామ మాత్రం అప్పుడప్పుడు "సుమ్నె" అనేవారు. కన్నడంలో ఊరికే ఉండమని. అది కుక్కకో నాకో తెలిసేది కాదు. ఇద్దరమూ పాటించేవాళ్ళం. వారం తిరిగేసరికి ఒక గోపురం లేచింది. మరో వారానికి పొద్దుటి పూట ఎనిమిది లేచాయి. కేసరి తల కాళ్ళ మీద పెట్టి, నాడె అటు పోతే అటు, ఇటు వస్తే ఇటు కళ్ళు తిప్పుతూ పడుకునేవాడు. ఒళ్ళు విరుచుకోవాలన్నా ముందు పోగు ఎంత వదులుగా ఉందో చూసుకునేవాడు.

అమావాస్య దాటింది. నర్సింలు పడుగు వీధిలోకి వచ్చింది. వీధంతా గుమ్మాల్లో నిలబడింది. ఆ పొద్దున నేను తినలేదు, సుజాత తినలేదు. చిట్టి అయితే కేసరి పళ్ళెం ముందురోజే తన స్కూలు సంచిలో దాచిపెట్టుకుంది, వాడు పోతే తనూ పోతానని. మెడపట్టీకి కట్టిన ఒంటిపోగు పట్టుకుని వాడిని బయటికి నడిపించింది. గంజి వాసన కొట్టింది. కేసరి ఆగాడు. మూతి నుంచి చొంగ తీగలా సాగింది. ఒక అడుగు వేశాడు, ఇంకో అడుగు. పడుగు చివరి పోగు ముక్కుకు తగిలింది. నర్సింలు చీపురు ఎత్తాడు. నాకు చిట్టి ముఖం చూడాలనిపించలేదు.

కేసరి ఆ పోగును చూశాడు. తర్వాత అక్కడే, దాని పక్కనే, పడుకున్నాడు.

నర్సింలు చీపురు దించాడు. గంజి పట్టించడం మొదలైంది. గంట గడిచింది. వాడు లేవలేదు. ఆడవాళ్ళు గంజి బకెట్లతో వాడిని దాటి పోతున్నారు. చివరికి నర్సింలే విసుక్కున్నాడు. "సారూ, జర లెవ్వమనుండ్రి దాన్ని! నాకు తొవ్వ లేదు, పరేషానయితుంది!" లేవమని అడగడం ఎలాగో నేను నేర్పలేదు, సిద్దప్ప మామా నేర్పలేదు. అది మా ఇద్దరి సిలబస్‌లోనూ లేదు. ఇద్దరం చెరోవైపు పట్టుకుని మోసుకొచ్చాం. కేసరి పోవాలన్న మాట ఆ వీధిలో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆ చదువు వల్ల కొన్ని ఇబ్బందులు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి. ఒకసారి వనపర్తి బస్టాండు ముందు పూలకొట్టు దారం కాళ్ళ దగ్గర పడితే నడిరోడ్డు మీద పడుకున్నాడు. రెండు బస్సులు ఆగాయి. మా ఇంటికి దొంగ రావాలనుకుంటే ఒక దారప్పోగు తెచ్చుకుంటే చాలు. నా విషయం చెప్పాలంటే, నేను సుద్దముక్కలు విసరడం మానేసి చాలా కాలమైంది. క్లాసులో ఎవడైనా లేచి వెళ్ళిపోతే, ముందు నా అతుకు ఎక్కడ వదులైందో చూసుకుంటాను. చాలాసార్లు దొరుకుతుంది. ఇదేదో గొప్ప మార్పని చెప్పను. సబ్జెక్టు వాళ్ళకు ఇప్పటికీ అంతంతమాత్రమే వస్తోంది. కాకపోతే క్లాసులో కూర్చుంటున్నారు.

సిద్దప్ప మామ పోయి రెండేళ్ళు. అప్పటికే నేను బదిలీ మీద నాగర్‌కర్నూల్ వచ్చేశాను. గుండీ కుట్టిన ఆ చొక్కానే వేసుకుని, కేసరిని తీసుకుని, నిన్న శంకరమ్మ అత్తను చూసి వచ్చాను. మగ్గం గుంట మీద చెక్కలు పరిచి బియ్యం సంచులు పెట్టింది. గుంజ మాత్రం అలాగే ఉంది. కేసరి ఎవరూ చెప్పకుండానే తన పాత చోటుకు వెళ్ళి పడుకున్నాడు. అత్త నవ్వి, పెట్టెలోంచి ఒక పోగు తీసి గుంజకూ వాడి మెడకూ కట్టి, పొయ్యి దగ్గరికి వెళ్ళి ఒక రొట్టె తెచ్చి ముక్క వేసింది. బూడిద పోసుకునే రేకు మూత ఇంకా గుంజ పక్కనే ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుని చూశాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను.

"ఎంతైనా మామ ఓపిక ఎవరికొస్తది అత్తా!"

శంకరమ్మ అత్త మిగిలిన రొట్టెను రెండుగా విరిచింది.

"ఓపికనా? ముప్పయ్యేండ్లు గా పక్కన సుమ్నె కూసున్నది నేను. గా రొట్టెలన్ని కాల్చింది నేను. నాకెవలన్న ఒక్క ముక్క ఏసిండ్రా సారూ?"