పెడల్‌కు కట్టిన చెక్క

లతీఫున్నీసా రోజూ తెల్లవారగానే మొగుడి ట్రాక్టర్‌కు మంత్రించిన నూనె తాగిస్తోందని మెట్‌పల్లిలో ఆ గల్లీ అంతా అనుకుంది. పోయిన మనిషి మీద బెంగతో ఆమెకు మతి తప్పిందని కొందరు, ఆ బండి అప్పుడప్పుడు దానంతటదే గుర్రుమంటోందని ఇంకొందరు. ఎదురింటి రామవ్వ ఈ మాటను తిన్నగా కొత్త కోడలు సుమయ్య చెవినే వేసింది.

"మీ అత్త దాని నోట్లె ఏం పోస్తుందే పిల్లా? మా ఆయనకు నేను గంజి సుత గంత ప్రేమగ పొయ్యలే!"

సుమయ్య నవ్వి ఊరుకుంది. అయినా మర్నాటి నుంచి వంటింటి కిటికీలోంచి కనిపెట్టి చూడసాగింది.

రేకుల కింద ఉన్నది చిన్న ట్రాక్టర్, మామిడి కొమ్మల కిందికి దూరి దున్నే రకం. మామ షరీఫ్ తోటలు గుత్తకు పట్టిన రోజుల్లో కొన్నది. ఆయన పోయాక కదిపినవాళ్లు లేక ఇంజన్ బిగుసుకుపోయింది. అత్త దాని పైనున్న, డీజిలు చిమ్మే నాజిల్ విప్పి, ఆ రంధ్రంలో చాయ్ కెటిల్‌తో డీజిలు, గేర్ ఆయిలు కలిపి పోస్తుంది. ఆ తర్వాత ముందున్న పుల్లీ చక్రాన్ని రెండు చేతులా పట్టి తిప్పబోతుంది. అది కదలదు. ఆమె పెదవులు కదులుతాయి. సుమయ్య చెవి ఒగ్గి విన్నది. మంత్రాలు కావు, తిట్లు.

ఆ బండిని పాత ఇనుము వాళ్లకిస్తానని భర్త సాద్ అప్పటికే మాటిచ్చేశాడు.

"ఆదివారం ట్రాలీ ఆటో వస్తది అమ్మీ. గప్పటికి ఇంజన్ తిరిగితే ఉంచుకుందాం. తిరగకుంటే పోనియ్యాలె."

"తిరుగుతది."

"అబ్బాజాన్ యాదికుండనీకి ఫోటో ఉన్నది గదా."

ఆమె గుడ్డతో చేతులు తుడుచుకుంది.

శనివారం మెకానిక్ సిద్దిరాములు వచ్చి చుట్టూ తిరిగి చూశాడు.

"సుత్తెతోటి ఒక్కటేస్తే వదుల్తది ఆపా. లేకుంటే పిస్టన్ పగుల్తది. ఏదో ఒకటి తేలుతది."

"నీ తలకాయ మీద ఏస్కో తమ్మీ, నా బండి మీద వద్దు."

అతను నవ్వుతూ క్లచ్ పెడల్ వైపు వంగాడు. దాని మీద లావాటి చెక్క ముక్క, ట్యూబు రబ్బరుతో గట్టిగా చుట్టి ఉంది.

"గీ చెత్త ఎవడు కట్టిండు? కోసి పారేద్దునా?"

"దాని జోలికి పోకు!"

అత్త గొంతు అంతగా లేవడం సుమయ్య అంతకుముందు వినలేదు.

ఆదివారం గల్లీ మొగదల ఆటో హారన్ వినిపించింది. సాద్ తాడు పట్టుకొచ్చాడు. అత్త మళ్లీ పుల్లీ మీద చేతులు వేసింది. సుమయ్య దుపట్టా నడుముకు బిగించి వెళ్లి అవతలి వైపు పట్టుకుంది.

"మొదలు ఎనకకు గుంజు బిడ్డా. జర మెల్లగ. ఇగ ముందటికి!"

వెనక్కి, ముందుకి, మళ్లీ వెనక్కి. లోపలెక్కడో కిర్రుమంది. పుల్లీ జానెడు తిరిగింది. నాజిల్ రంధ్రంలోంచి నల్లటి నూనె ఎగజిమ్మి సాద్ తెల్ల చొక్కా నిండా పడింది.

"తాగిందంత కక్కింది గదనే!" గోడ మీంచి రామవ్వ అరిచింది.

సాద్ చొక్కా వైపు చూసుకున్నాడు, పుల్లీ వైపు చూశాడు. తాడు కింద పడేసి, ఆటో అతనికి వెళ్లిపొమ్మని చెప్పి వచ్చాడు.

ఇంకా డీజిల్ ట్యాంకు కడగాలి, టైర్లు మార్చాలి, బ్యాటరీ తేవాలి. పనంతా ముందుంది. అత్త మాత్రం నూనె చేతులతోనే సీటెక్కి కూర్చుంది. పొట్టి మనిషి. ఎడమ కాలు చాపితే సరిగ్గా ఆ చెక్క మీద ఆనింది.

సాద్ నోరు తెరిచాడు. చిన్నప్పుడు అతను భైంసాలో అమ్మమ్మ దగ్గర చదువుకున్నాడు. తోటకు వచ్చింది ఎండాకాలం సెలవుల్లో, కాయలు తెంపే రోజుల్లోనే. దున్నడం వానలు పడ్డాక చేసే పని, అది అతను చూడనేలేదు.

"నువ్వు నడిపినవా అమ్మీ?"

"మీ అబ్బా తాటిచెట్టంత మనిషి. కొమ్మల కింద కూసుంటే తలకాయ మిగులుతుండెనా?"

షరీఫ్ ఆ ట్రాక్టర్‌ను ఒక్కనాడూ నడపలేదు.