కంప్యూటర్‌కు ముహూర్తం

ఒళ్లు మండిపోయి రాస్తున్నాను. రేపు కాజీపేటలో నాకు ఉద్యోగం ఇంటర్వ్యూ. మార్కుల మెమో కోసం పొద్దున్నే యూనివర్సిటీ పరీక్షల విభాగానికి వెళ్లాను. చిల్లుల కార్డులతో నడుస్తూ మెమోలు కొట్టే పాత మిషన్‌ను నిన్ననే పీకేశారట. దాని స్థానంలో వచ్చిన కొత్త కంప్యూటర్ గుడ్డ కప్పుకుని కూర్చుంది.

“ఇయ్యాల మంగళారం గద తమ్మీ, కొత్తది ఎట్ల షురూ జేస్తం? శుక్రారం ముహూర్తం ఉన్నది, అప్పుడు రా,” అన్నాడు గుమస్తా.

“మరి పాతదాన్ని నిన్ననే ఎందుకు పీకిన్రు సార్?”

“సోమారం మంచి రోజే గద!”

కంప్యూటర్ కోసం పెట్టిన ఏసీ మాత్రం జోరుగా నడుస్తోంది. దాని కింద మిగతా గుమస్తాలు కునుకు తీస్తున్నారు. ఏసీకి మంగళవారం అడ్డు రాలేదు. మీరే చెప్పండి, నా ఇంటర్వ్యూను శుక్రవారానికి జరపమని ఏ పంతులును అడగాలి?