తట్టిన తలుపు

డల్సీ స్ట్రిక్‌లాండ్ ఎవరినీ ఊరికే నమ్మే మనిషి కాదు. చేపల ఫ్యాక్టరీలో కాడ్ చేపలు కోసినన్నాళ్లూ తూకం వేసేవాణ్ణి నమ్మలేదు. మొగుడు హెడ్లీ టీలో చక్కెర మానేశానంటే, కప్పు అడుగున చూసేది. పాపం, ఆయన నిజంగానే మానేశాడు. అలాంటి మనిషి సొంత అక్కతో తగవు తీర్చుకోవడానికి కంప్యూటర్ ముందు కూర్చుందంటే మామూలు విషయం కాదు.

కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ తీరాన వాళ్ల ఊరు ఎంతని? అక్క మేవిస్ ఇల్లు డల్సీ వంటింటి కిటికీలోంచే కనిపిస్తుంది. నాన్న కట్టిన పడవల కొట్టానికి దారి ఆ ఇంటి పెరట్లోంచే. వసంతంలో మేవిస్ ఆ దారికి అడ్డంగా తాడు కట్టింది. అప్పటికే ఇద్దరికీ మాటల్లేవు. కోర్టుకెక్కి పరువు తీసుకోకండని మేవిస్ కూతురే ఆన్‌లైన్‌లో రాజీ కుదిర్చేవాళ్లని పట్టుకొచ్చింది. మేవిస్ కూతురు తెచ్చిన మనిషి ఎవరి పక్షాన ఉంటుందో డల్సీకి ఒకరు చెప్పాలా?

తెర మీద మధ్యవర్తి రెనాటా నవ్వింది. ఎక్కడో టొరంటోలో ఉంటుందట. పక్క గడిలో మేవిస్, ఆమె ముందు రెండు టీ కప్పులు. రెండోది ఎవరిది? చాటున ఎవరినో కూర్చోబెట్టుకుని మాటలు చెప్పించుకుంటోంది కాబోలు.

"డల్సీ గారూ, మీకేం కావాలి?"

"దారి."

"అంతేనా?"

ఈ పిల్ల కూపీ లాగుతోంది. అయినా నోరు ఆగలేదు. "పోయినేడు వానలో వచ్చి మా అక్క నా తలుపు తట్టింది."

"తట్టడం మర్యాదే కదండీ?"

మర్యాదట. ఈ ఊళ్లో తలుపు తట్టేది పోలీసులూ, దారి తప్పిన టూరిస్టులూను. తోడబుట్టినవాళ్లు తోసుకుని వచ్చి, టీ తామే పోసుకుంటారు.

"పరాయిదానిలా తట్టింది. నాకు ఒళ్లు మండి, 'ఏం కావాలి' అన్నాను," అంది డల్సీ.

"గడప బయటే నిలబెట్టి అడిగావు," మేవిస్ అందుకుంది. "లోపల గడియ పెట్టుకు కూర్చుంటే తట్టక ఏం చెయ్యమంటావే? అక్కకి గడియ పెట్టేదానికి నా పెరట్లో దారెందుకు?"

"ఏం గడియ? నా తలుపుకి గడియే లేదు."

"తోశాను. కదల్లేదు."

"హెడ్లీ పోయాక చర్చివాళ్లు పెట్టిన కొత్త తలుపది. పచ్చి చెక్క. వానకి ఉబ్బుతుంది. అడుగున తన్నాలి."

"నమ్మమంటావా?"

"నమ్మకపో. నిన్ను బతిమాలానా?"

రెనాటా కంగారుగా, ఇద్దరితో విడివిడిగా మాట్లాడతానంది. ముందు మేవిస్‌తో. డల్సీ తెర మీద 'దయచేసి ఆగండి' అన్న ముక్క మాత్రం మిగిలింది. ఇంకేం, ఇద్దరూ కలిసి తన మీద కత్తులు నూరుతూ ఉంటారు. కిటికీలోంచి చూద్దామంటే వాన జోరుకి అక్క ఇల్లు ఆనడం లేదు.

కాసేపటికి రెనాటా ఒక్కతే వచ్చింది. ముఖంలో ఇందాకటి నవ్వు లేదు. "మీ అక్కగారు నాతో ఒక్క మాట కూడా అనకుండా లేచి వెళ్లిపోయారండీ. కుర్చీ ఖాళీగా ఉంది."

ఉన్నది ఒక్కగానొక్క అక్క, అదీ అయిపోయింది. "పోతే పోనీ," అంది డల్సీ.

అప్పుడు తలుపు అడుగున దబ్బున ఒక తన్ను పడింది. ఆ వెంటనే ఇంకొకటి. తలుపు కీచుమంటూ తెరుచుకుంది. కోటు నుంచి నీళ్లు కారుతుండగా మేవిస్ లోపలికి వచ్చి, చెల్లెలి వంక చూడకుండా నేరుగా పొయ్యి దగ్గరికి నడిచింది.

"పాడు తలుపు, నిజంగానే ఉబ్బింది," అంది. "మా ఇంట్లో నీకని అలవాటుకొద్దీ పోసిన టీ చల్లారిపోయింది. డబ్బాపాలు ఎక్కడ పెట్టావే?"

డల్సీ వేలితో అలమర చూపించింది.

"డల్సీ గారూ, ఎవరైనా వచ్చారా?" రెనాటా అడిగింది.

"ఎవరూ రాలేదమ్మా," అంది డల్సీ కళ్లు తుడుచుకుంటూ. "మా అక్క."