పదకొండు ప్లగ్గులు, ఒక ఇస్త్రీపెట్టె

ఇరవై రెండేళ్ళ వయసులో ఉండే గర్వం మనిషికి మళ్ళీ రాదు. ఆ రోజుల్లో నాకది నిండుగా ఉండేది. తణుకులో పదమూడు మంది ఉన్న ఇంట్లో, స్నానానికి కూడా వరసలో నిలబడి పెరిగినదాన్ని. నర్సాపురంలో టీచరుద్యోగం రాగానే "నాకెవరి తోడూ అక్కర్లేదు" అని మా నాన్న మొహం మీదే చెప్పేసి, రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాను. (అమ్మమ్మను తోడు పంపిస్తానంటే, ఆవిడ గురక భరించలేనని వంక పెట్టాను. నిజానికి మా ఇంట్లో గురక పెట్టేది నాన్న.) మొదటి వారం ఆ నిశ్శబ్దం పండగలా ఉంది. రెండో వారానికి నా గాజుల చప్పుడుకి నేనే ఉలిక్కిపడడం మొదలైంది. మూడు నెలలయ్యేసరికి, సాయంత్రం బడి నుంచి వచ్చి తాళం తీశానంటే మర్నాడు పొద్దున్న పిల్లల హాజరు పిలిచేదాకా నా నోట ఒక్క మాట వచ్చేది కాదు. పక్క ఇళ్ళవాళ్ళని పలకరిద్దామంటే, ఏం చెప్పి పలకరించాలో తెలిసేది కాదు. ఏడుపొచ్చేది. ఏడిస్తే ఓడిపోయినట్టేనని బిగబట్టుకుని, ఇంటికి మాత్రం "ఇక్కడ చాలా హాయిగా ఉంది" అని ఉత్తరాలు రాసేదాన్ని.

ఆ ఇంటి కరెంటు సంగతి ఇంకో కథ. సముద్రపు ఉప్పుగాలికి స్విచ్చిలన్నీ చిలుం పట్టిపోయాయి. ఫ్యాను వేస్తే లైటు మినుకుమినుకుమనేది, లైటు వేస్తే వేలు జివ్వుమనేది. భీమవరంలో ఉండే ఇంటి ఓనరుగారికి రాస్తే "మీక్కావలసినట్టు మార్పించుకోండమ్మా" అని జవాబిచ్చారు. బళ్ళో అటెండరుగారు ఒక ఎలక్ట్రీషియన్ని పంపించారు. యాభై దాటిన మనిషి, చెవి మీద పెన్సిలు, జేబులో టెస్టరు. ఊళ్ళో అందరూ ఆయన్ని కరెంటు బాబాయి అనేవారు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పబోతూ ఆగిపోయాడు.

"ఇంట్లో ఇంకెవరున్నారండి?"

"నేనొక్కదాన్నేనండి."

విప్పిన చెప్పు మళ్ళీ తొడుక్కున్నాడు. "అలాగైతే ఎవరినైనా పిలిచి కూర్చోబెట్టుకోండమ్మా. ఆడపిల్ల ఒక్కరే ఉన్న ఇంట్లో నేను పని చెయ్యనండి. పని నేర్చుకున్నప్పట్నుంచీ ఇదే పద్ధతండి."

"నాకేం భయం లేదండి. నేను టీచర్ని," అన్నాను, కాస్త బెత్తం పట్టుకున్న గొంతుతోనే.

"మీకు లేదండి, నాకుందండి. మా ఆవిడ సంగతి మీకు తెలీదు."

గత్యంతరం లేక పక్కింటి గేటు దాకా వెళ్ళాను. ఆ ఇంటి గురించి నాకు తెలిసిందల్లా రేడియో చప్పుడూ, ఎండుచేపల వేపుడు వాసనా. వరండాలో ఒకావిడ కూర్చుని లేసు అల్లుకుంటోంది. (భర్త బోటెక్కి వేటకు పోతే ఎన్నాళ్ళకు వస్తాడో తెలియని ఇల్లని తరవాత తెలిసింది.) గేటు ముందు రెండుసార్లు అటూ ఇటూ నడిచి, చివరికి నోరు విప్పాను.

"పిన్నిగారూ, మా ఇంటికొచ్చి ఒక గంట కూర్చుంటారాండి?"

"ఎందుకమ్మా?"

"ఊరికే కూర్చోడానికండి."

పేరంటానికి పిలిచినవాళ్ళున్నారు, భోజనానికి పిలిచినవాళ్ళున్నారు. ఊరికే కూర్చోమని పిలిచినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, దారపు ఉండా సూదీ సంచిలో వేసుకుని నా వెనకాలే వచ్చేసింది. గోడకి ఆనుకుని కాళ్ళు చాపి కూర్చుంది. ఆ గంటలో మూడు నెలల మాటలన్నీ నేనే మాట్లాడేశాను. ఆవిడ అల్లుతూ "ఊఁ" కొడుతూ ఉంటే నాకు ఆకలి కూడా వేసింది. ఆ ఊరొచ్చాక అన్నం మీద అంత ఇష్టం పుట్టడం అదే మొదలు.

కరెంటు బాబాయి రోజుకో గంట కన్నా ఎక్కువ పని చేసేవాడు కాదు, ఆ గంటా పిన్నిగారు వచ్చి కూర్చునేది. ఇంకెవరైనా అయితే తిట్టిపోసేవారు, నాకు మాత్రం దేవుడిలా కనిపించాడు. అయినా నాలుగో రోజుకి పని అయిపోయింది. ఆయన సంచి సర్దుతున్నాడు, పిన్నిగారు లేసు మడుస్తోంది. నేను గుమ్మానికి అడ్డంగా వెళ్ళి నిలబడ్డాను.

"బాబాయిగారూ, వంటింట్లో ఇంకో ప్లగ్గు కావాలండి."

"దేనికండి?"

"మిక్సీకండి."

"మిక్సీ ఎక్కడుందండి?"

"కొంటానండి."

మర్నాడు ఫ్రిజ్జుకి పెట్టించాను. ఆ మర్నాడు టీవీకి. తరవాత గ్రైండరుకి, కూలరుకి, నేను ప్రకటనల్లో తప్ప ఎక్కడా చూడని బట్టలుతికే మిషనుకి. అలా లెక్క పదకొండుకి చేరింది. వాటిలో దేన్లోనైనా పెట్టడానికి నా దగ్గరున్నది ఒకే ఒక్క ఇస్త్రీపెట్టె. బాబాయి అడిగినచోటల్లా బిగిస్తూ పోయాడు. పన్నెండోది దేవుడి గూట్లో పెట్టమన్నప్పుడు మాత్రం నిచ్చెన దిగాడు.

"దేవుడికి ప్లగ్గెందుకండి, టీచరుగారూ?"

దానికి అబద్ధం దొరకలేదు. దొరక్కపోయేసరికి ఏడుపు తన్నుకొచ్చింది. "ఎందుకూ లేదండి. మీ పనైపోతే పిన్నిగారు రారు కదండీ. నాకు ఈ ఊళ్ళో ఎవరూ లేరండి," అని బడిపిల్లలా వెక్కుతూ చెప్పేశాను. బాబాయి అప్పటికే బిగించి ఉన్న స్క్రూని మళ్ళీ బిగించడం మొదలుపెట్టాడు. పిన్నిగారు అల్లిక ఆపేసింది. సంచి తీసుకుని గబగబా వెళ్ళిపోయింది.

మర్నాడు సాయంత్రం ఎవరూ రాలేదు. కొత్త ట్యూబులైటు వెలుగులో ఇల్లు మరీ బోసిగా కనిపించింది. ఆవిడకి కోపం వచ్చిందనుకున్నాను. ఇన్నాళ్ళూ పని చెడగొట్టి కూర్చోబెట్టానని అసహ్యం పుట్టిందేమోనని కూడా అనుకున్నాను. కూర్చోలేక, నిలబడలేక, ఏ సాకూ లేకుండానే వాళ్ళ గేటు తీశాను.

"ఏమ్మా, ఏం కావాలి?" అంది ఆవిడ.

"ఏం వద్దండి."

"అయితే కూర్చో." చాప నా వైపు జరిపింది. లేసు అల్లుతూ, తలెత్తకుండానే అంది, "నిన్న నువ్వేడుస్తుంటే నాకూ ఏడుపొచ్చిందమ్మా. కరెంటు బాబాయి ముందు ఏడవలేక వచ్చేశాను."

ఆ ఊళ్ళో ఉన్న నాలుగేళ్ళూ నా సాయంత్రాలు ఆ చాప మీదే గడిచాయి.

ఇప్పుడు రాజమండ్రిలో అపార్టుమెంటులో ఉంటున్నాను. మావారు ఆఫీసు పని మీద వారంలో నాలుగు రోజులు ఊళ్ళోనే ఉండరు. వయసు యాభైకి దగ్గరపడింది, పాఠం మాత్రం మళ్ళీ మొదటికొచ్చింది. మొన్న ఎదురు ఫ్లాటులోకి ఒక కొత్తావిడ దిగింది. నిన్న గ్లాసు పట్టుకుని వెళ్ళి పంచదార అడిగాను. మా ఇంట్లో డబ్బా నిండా ఉంది. ఆవిడ నవ్వుతూ గ్లాసు నింపి ఇచ్చి, తలుపు వేసుకుంది. రేపు చింతపండు అడుగుదామనుకుంటున్నాను.