మినిట్స్ రాసిన మేడం

మంగళవారం పొద్దున, మా యూనివర్సిటీ అకడమిక్ సెక్షన్‌లో అటెండర్‌గా చేసి రిటైరైన పెద్దాయన ఫోన్ చేశాడు. "సార్, మేడం పోయిండ్రు. దవాఖానల నాలుగు రోజులున్నరట. ఎవ్వలకు చెప్పొద్దన్నరట" అన్నాడు. ఏ మేడం అని నేను అడగలేదు. మా ఇద్దరికీ మేడం అంటే ఒక్కరే, సెనేట్ మినిట్స్, అంటే సభలో ఎవరేమన్నారో ఆ రికార్డు రాసిన సూపరింటెండెంట్ మేడం. ఎవరికీ చెప్పొద్దనడం కూడా ఆమె పద్ధతే.

ఈ మధ్య ఎవరు పోయినా నాకు ముందు అలసటే వస్తోంది. దుఃఖం తరువాత ఎప్పుడో, చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నప్పుడో, బస్సు దిగుతున్నప్పుడో వస్తుంది. ఆమె విషయంలో దానితో పాటు సిగ్గు కూడా వచ్చింది. ఆ సిగ్గు సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అకడమిక్ సెనేట్ అంటే తెలియనివాళ్లకు రెండు మాటలు. యూనివర్సిటీలో ఏ కోర్సు ఉండాలి, ఏ పాఠం చెప్పాలి, పరీక్ష ఎలా పెట్టాలి అని తేల్చే సభ అది. చట్టం ప్రకారం చదువుకు సంబంధించినంత వరకు అదే పెద్ద దిక్కు. కాగితం మీద అంత పెద్దదైన ఆ సభలో మేము చేసే పని మాత్రం బల్ల చరచడం. వీసీ గారు ఐటెం నంబరు చదువుతారు, మేము బల్ల చరుస్తాం, పాసవుతుంది. ఎజెండా కట్ట మీటింగుకు వారం ముందే ఇంటికి వచ్చేది. దాని దారం విప్పకుండానే తెచ్చేవాళ్లు మాలో సగం మంది. మిగతా సగంలో నేను ఉండేవాణ్ణని చెప్పుకోవాలని ఉంది కానీ, ఎప్పుడూ ఉండలేదు.

ఆ కట్టను ఒక్క ముక్క వదలకుండా చదివినవారు మేడం ఒక్కరే. ఆమెకు సభలో ఓటు లేదు, మాట లేదు. రిజిస్ట్రార్ కుర్చీకి కొంచెం వెనకగా, అందరి ముఖాలు కనిపించే చోట ఒక కుర్చీ వేయించుకునేవారు. ఒళ్లో పొడవాటి రూళ్ల పుస్తకం, ప్రతి పేజీకి చేత్తో వేసిన నంబరు. మేము బిర్యానీ వాసన పట్టి లేచిపోయాక కూడా ఆమె అక్కడే కూర్చుని రాసేవారు. "తినొచ్చి రాయొచ్చు కదా మేడం" అని ఒకసారి అన్నాను. "చెవుల ఉన్నప్పుడే రాయాలె సార్. తిన్నంక మనకు నచ్చిందే యాదికొస్తది" అన్నారు.

ఎవరైనా మాట సగంలో మింగేస్తే, ఆమె పెన్ను కాగితానికి ఒక అంగుళం పైన ఆగేది. కళ్లద్దాల పైనుంచి ఆ మనిషి వైపు చూస్తూ ఆగేవారు. ఆ చూపులో కోపం ఉండదు, ఎత్తిపొడుపు ఉండదు. చెప్తే రాస్తా, లేకపోతే లేదు, అంతే. కొందరు పెద్ద ప్రొఫెసర్లు ఆ పెన్ను చూసి మాట పూర్తిచేసేవారు. మరికొందరు గ్లాసెత్తి నీళ్లు తాగేవారు.

ఇక నా సంగతి. ఒక మీటింగు చివర్లో వీసీ గారు ఒక టేబుల్ ఐటెం తెచ్చారు. ఎజెండాలో లేకుండా అప్పటికప్పుడు బల్ల మీద పెట్టే అంశాన్ని అలా అంటారు. చేరేవాళ్లు తగ్గారు కాబట్టి సాయంత్రపు ఎం.ఏ. కోర్సు ఎత్తేయాలని ఒకే ఒక్క పేరా. ఆ కోర్సులో నేను పాఠాలు చెప్పాను. పరకాల నుంచి డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చే కండక్టరు ఒకాయన, హన్మకొండ బట్టల షాపులో పొద్దంతా నిలబడి వచ్చి మొదటి బెంచీలోనే నిద్రపోయే ఒకావిడ, వీళ్లంతా నా విద్యార్థులు. ఆ రోజు వాళ్లే గుర్తొచ్చారో, ఆకలికి చిరాకేసిందో, నాకే తెలియదు, లేచి నిలబడ్డాను. "ఒక్క కాగితం చూడకుండా మూసెయ్యడానికి నేను ఒప్పుకోను" అన్నాను. ఎవరో నవ్వారు, అందరూ బల్ల చరిచారు. పాసైందనుకుని భోజనానికి వెళ్లాం.

మా నిబంధనల్లో ఒక మాట ఉంది. టేబుల్ ఐటెంకు ఒక్క సభ్యుడు అడ్డుచెప్పినా, ఆ రోజు దాన్ని పాస్ చెయ్యకూడదు. పూర్తి కాగితాలతో వచ్చే మీటింగుకు తేవాలి. ఆ మాట గుర్తున్నది మేడంకు మాత్రమే. మినిట్స్‌లో నా అభ్యంతరాన్ని ఉన్నది ఉన్నట్టు రాసి, ఐటెం వాయిదా పడినట్టేనని కింద నిబంధన చూపించారు. రిజిస్ట్రార్ సంతకం పెట్టక తప్పలేదు.

సాయంత్రానికల్లా డీన్ గారి ఫోను. "నీ ప్రమోషన్ ఇంటర్వ్యూ వచ్చే నెలే గదనయ్యా. ఊకె ఎందుకీ పేచీ? ఆ మాట వెనక్కి తీసుకో" అన్నాడు. ఆయన బెదిరించలేదు. బెదిరిస్తే కొంత పౌరుషమైనా వచ్చేదేమో. నా మేలు కోరే చెప్పాడు, నాకూ అది మేలుగానే తోచింది.

మర్నాడు పొద్దున్నే మేడం సెక్షన్‌కు వెళ్లాను. అప్పుడే మేడారం జాతర అయింది. అటెండర్ తెచ్చిన ప్రసాదం బెల్లం ముక్కను, ఆ జాతరలో బంగారం అనేది బెల్లాన్నే, ఆమె టీలో ముంచుకుని తింటున్నారు. నాకూ ఒక ముక్క పెట్టారు. "ఆదివారం చర్చికి పోత, బుధవారం అమ్మవారి బంగారం తింట. మా బాపు చూస్తె ఏమంటడో" అని నవ్వారు. నేను బెల్లం చేతిలో పట్టుకునే, నా అభ్యంతరం తీసేయండి, వెనక్కి తీసుకుంటున్నానని కాగితం రాసిస్తాను అన్నాను.

ఆమె వేళ్లు తుడుచుకున్నారు. "కాగితం నడవది సార్. లేచి అన్న మాట లేచే తీసుకోవాలె. వచ్చే మీటింగుల మొదటి ఐటెం గదే గదా, పోయిన మినిట్స్ ధ్రువీకరణ. అప్పుడు లేవుండ్రి, నేనట్ల అనలేదని చెప్పుండ్రి. మీరెట్ల చెప్తె అట్ల రాస్త."

"అందరి ముందరా మేడం?"

"అందరి ముంగటనే అన్నరు గద సార్." తరువాత కొంచెం మెత్తగా చెప్పారు. "మా బాపు మరిపెడ దిక్కు మా ఊరి చర్చి కమిటీ రిజిస్టర్ రాసేటోడు. ఎవరన్న ఇంటికొచ్చి మార్చుమంటే, ఆదివారం సంఘం ముంగట చెప్పు, మారుస్త అనేటోడు. మారుస్త అన్నడు గని, మార్చ అనలే. మంది మాత్రం చెప్పకపోయేది."

ఆ తరువాతి మీటింగు నాకు నిన్నటిలా గుర్తుంది. వీసీ గారు "ఐటెం ఒకటి, గత మినిట్స్. దిద్దుబాట్లేమైనా ఉన్నాయా?" అన్నారు. డీన్ నా వైపు చూశాడు. మేడం కూడా చూశారు. పెన్ను అంగుళం ఎత్తున ఆగింది. లేవాలని మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాను. అంతమంది ముందు నేనట్లా అనలేదని చెప్పడానికి ధైర్యం చాలలేదు. నా ముందున్న నీళ్ల సీసా మూత తీశాను, మళ్లీ పెట్టాను. ఆమె కొన్ని క్షణాలు చూసి, పెన్ను దించి, ధ్రువీకరించడమైనది అని రాసుకున్నారు.

అంతే. నేను చేసిన గొప్ప పని అది. అభ్యంతరం నిలిచింది, ఐటెం పూర్తి కాగితాలతో వచ్చింది, అందరూ చదవాల్సి వచ్చింది, ఒక కమిటీ వేశారు. చివరికి కోర్సు ఎత్తేయలేదు. ఇప్పటికీ సాయంత్రాలు ఆ క్లాసు గదిలో లైట్లు వెలుగుతాయి. నా ప్రమోషన్ మాత్రం రెండు విడతలు వెనక్కి పోయింది. ఆ కోపమంతా మేడం మీదే పెట్టుకున్నాను. చాలా రోజులు ఆమె సెక్షన్ ముందునుంచి పోకుండా వెనక మెట్లెక్కి తిరిగాను.

సాయంత్రం కోర్సు వాళ్లు నాకు సన్మానం చేశారు. సెనేట్‌లో ఒంటరిగా నిలబడి పోరాడిన సార్ అని మైకులో చెప్పి శాలువా కప్పారు. నేను వద్దనలేదు. వెనక వరసలో కూర్చున్న మేడం, వెళ్లేటప్పుడు దగ్గరికొచ్చి అంచు పట్టి చూసి, "శాలువా మంచిగున్నది సార్" అన్నారు.

ఆమె రిటైరైన రోజు సెక్షన్‌లో సమోసాలు తిన్నాక, ధైర్యం చేసి అడిగాను. "ఆ రోజు నేను లేచి అనలేదని చెప్తే నిజంగా రాసేవారా మేడం?"

"రాసేదాన్ని సార్. ఎందుకు రాయ? నా పని గదే." సంచీలో స్టీలు గ్లాసు సర్దుకున్నారు. "కోర్సు బతికింది, సంతోషం. మీరు లేచిండ్రు, గది గూడ నిజమే. గని మీరు పోరాడిండ్రని నేనెక్కడ రాయలేదు, చూస్కోండ్రి." నవ్వుతూనే అన్నారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇంటిదాకా కూడా నిలవలేదు.

సమాధుల తోటలో ఆమెను దించుతున్నప్పుడు నేను గేటు దగ్గరే ఉండిపోయాను. యూనివర్సిటీ నుంచి వచ్చింది ముగ్గురం. పాస్టరుగారు ఆమె నమ్మకమైన దాసురాలని ప్రార్థన చేశారు. అటెండర్ నా పక్కకొచ్చి, "సార్, సెనేట్ల సంతాపం పెడ్తరా?" అని అడిగాడు. పెడతామన్నాను.

పదిరోజుల తరువాత సెనేట్ మీటింగు జరిగింది. నేను రిటైరయ్యే లోపు నాకిక ఇదే చివరిది. ఈ మధ్య మినిట్స్ మీటింగుకు ముందే టైపయి ఉంటున్నాయి, మేము వెళ్లి సంతకాలు పెడతాం. వీసీ గారు ఐటెం ఒకటి అనగానే లేచాను. సంతాపం సంగతి చెప్పాను. "ఆమె సభ్యురాలు కాదు కదా సార్" అన్నారాయన, మర్యాదగానే. అయినా అందరూ నిలబడ్డారు. వాళ్లు కూర్చున్నాక కూడా నేను నిలబడే ఉన్నాను. సాయంత్రం కోర్సు గురించి, డీన్ ఫోను గురించి, బెల్లం ముక్క చేతిలో పట్టుకుని నేను అడిగిన దాని గురించి, లేవలేకపోయిన రోజు గురించి అంతా చెప్పాను. రెండు మూడు నిమిషాలు పట్టింది. ఎవరూ నవ్వలేదు. కొందరు ఫోన్లు చూసుకున్నారు. అంత పాత సంగతి ఇప్పుడెందుకన్నట్టు ఒకరు తల ఊపారు.

ల్యాప్‌టాప్ ముందున్న కొత్త అధికారి, "సార్, ఇది రాయాల్నా?" అని అడిగారు. నన్ను కాదు, వీసీ గారిని. ఆయన చెయ్యి అడ్డంగా ఊపి రెండో ఐటెంకు వెళ్లారు.

నేను కూర్చున్నాను. రిజిస్ట్రార్ కుర్చీ వెనక ఆ చోట ఇప్పుడు ఫైళ్ల అట్టపెట్టె ఒకటి పెట్టారు. మీటింగు అయ్యేదాకా అటే చూస్తూ ఉన్నాను. అక్కడ ఆమె కూర్చునే ఉన్నారు, ఒళ్లో రూళ్ల పుస్తకం. చూపు కళ్లద్దాల పైనుంచి నా మీదే ఉంది, పెన్ను మాత్రం ఈసారి గాలిలో ఆగలేదు, రాస్తోంది.