ఎండు చేపల ఇంట్లో పిల్లి పథ్యం

నేను డిగ్రీ పాసయ్యాను! ఫస్టు క్లాసు! మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేనే. విజయవాడ బస్టాండులో పేపరు కొని, నా నంబరు చూసుకుని, ఇంటికి పరిగెత్తుకొచ్చాను. గుమ్మంలో అడుగు పెట్టానో లేదో, అమ్మ పెరట్లోంచి చెయ్యెత్తి ఆపింది.

"ష్! వాడు కూర్చున్నాడు."

వాడంటే మా గండుపిల్లి. ఇసుక తట్టలో కూర్చుంది. చుట్టూ అమ్మ, నాన్న, నాయనమ్మ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

మాది ఎండు చేపల వ్యాపారం. మా పిల్లికి ఊహ తెలిసినప్పటి నుంచీ ఎండు రొయ్యలే తిండి. ఆమధ్య దానికి ఒంటేలు ఆగిపోయింది. మూత్రంలో ఇసుక లాంటి పలుకులు కడుతున్నాయని పశువుల డాక్టరు గారు మందిచ్చారు. ఎండు చేపలు మాన్పించమన్నారు, ఒంట్లోకి నీళ్ళు బాగా పోవాలన్నారు.

అమ్మ వింటేగా! "ఎండు చేపలమ్మే ఇంట్లో పిల్లిని మాడుస్తామా? బేరానికొచ్చినోళ్ళు ఏమనుకుంటారు?" అంటూ ఆ రొయ్యల్నే బార్లీ నీళ్ళలో నానేసి పెట్టింది. నీళ్ళు పట్టించినట్టూ ఉంటుంది, వేడి తగ్గినట్టూ ఉంటుందని ఆవిడ ఉద్దేశం. పిల్లి రొయ్యలు ఏరుకుని తిని, బార్లీ నీళ్ళు వదిలేసింది. మళ్ళీ బిగుసుకుపోయింది. ఈసారి గొట్టం వేసి తీయాల్సి వచ్చింది.

"ఇంకోసారి ఆగితే బతకదమ్మా" అన్నారు డాక్టరు గారు.

అప్పట్నుంచీ నాన్న చెరువు చేప తెచ్చి, ఉప్పు వెయ్యకుండా ఉడికించి, ముళ్ళు తీసి, ఆ నీళ్ళతోనే జావలా పిసికి పెడుతున్నాడు. మాకేమో ఎండు చేపల పులుసు! గొట్టం ఆ పొద్దునే తీశారు. ఇంకా చుక్క పడలేదు.

"అమ్మా, నేను..."

"నోర్ముయ్యవే, బెదురుతాడు."

నాన్న చెవిలో చెప్పాను. "ఫస్టు క్లాసు, నాన్నా!"

"మంచిదమ్మా. ముందు వాడి పని కానివ్వు" అన్నాడు, ఇసుక మీద నుంచి చూపు తిప్పకుండా.

నాయనమ్మకి ఒళ్ళు మండింది. "అట్టా గుడ్లప్పగించి చూస్తే నాకైనా రాదు. అటు తిరగండర్రా!"

అందరం గోడకేసి తిరిగాం. నా నంబరున్న పేపరు చంకలో పెట్టుకుని, డిగ్రీ పాసైన మనిషిని, నేనూ గోడ చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి వెనక ఇసుక గీకిన చప్పుడు. నాయనమ్మ ఒంగి తడిమి చూసింది.

"తడే! ఇసుకంతా తడే!"

పిల్లి చేతికి చిక్కకపోవడంతో అమ్మ నన్ను వాటేసుకుని ఏడ్చింది. సందు చూసుకుని చెప్పేశాను. మళ్ళీ ఏడ్చింది.

ఆ గోలకి పక్కింటి పిన్నిగారు గుప్పెట్లో ఎండు రొయ్యలతో వచ్చింది. "గండం గట్టెక్కాడంటగా! పాపం, వీటి కోసం మొహం వాచిపోయుంటాడు."

అమ్మ ఆవిడ గుప్పెట మూసేసింది. "వద్దండీ, పెట్టకూడదు. మా అమ్మాయి డిగ్రీ ఫస్టు క్లాసులో పాసయ్యింది. అదే చెప్పింది."

డాక్టరు గారి ఊసే లేదు. నేను చదివిందేమో బీకాం. అయినా పిన్నిగారు నన్ను ఎగాదిగా చూసి, రొయ్యలు కొంగున కట్టేసుకుంది.