జంబేతమ్మ ఉమ్మి మానిన వైనం

గ్రీసు దేశపు నాక్సోస్ దీవిలో ఒక కొండమీది ఊళ్లో ఉమ్మితే జంబేతమ్మే ఉమ్మాలి. పసిబిడ్డ ముద్దుగా కనబడితే దిష్టి తగలకుండా "ఫ్తూ, ఫ్తూ, ఫ్తూ" అనడం అక్కడ అందరికీ ఉన్న అలవాటే. కానీ మిగతావాళ్లది ఉత్త గాలి, ఈవిడది నిఖార్సయిన తుంపర. పెళ్లికూతుళ్ల మీదా, పాడిమేకల మీదా, ఆఖరికి కొత్త ట్రాక్టరు మీదా పిలిచి మరీ ఉమ్మించుకునేవాళ్లు.

అలాంటి మనిషికి దేవుడు ఎలాంటి మనవరాలినిచ్చాడో చూడండి! ఆనవాయితీగా నాయనమ్మ పేరే పెట్టుకున్న చిట్టి జంబేతకి రోగాలతో పోరాడే శక్తి పుట్టుకతోనే సరిగ్గా లేదు. ఏడాది తిరక్కుండానే రెండుసార్లు న్యుమోనియా. ఇప్పుడు నెలనెలా ఓడెక్కి ఏథెన్స్ వెళ్లి, ఎవరో పుణ్యాత్ములిచ్చిన రక్తం నుంచి తీసిన మందు ఎక్కించుకు రావాలి.

డాక్టరు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చెప్పాడు. "ముద్దులొద్దు. జలుబున్నవాళ్లు దగ్గరికి రావద్దు. ఉమ్మి అసలే వద్దు."

అందరూ జంబేతమ్మ వైపే చూశారు.

"నా ఉమ్మికేం వచ్చిందయ్యా? పెళ్లయిన నాటినుంచీ ఉమ్ముతున్నా, ఒక్క ప్రాణమైనా పోయిందా?"

"మేక పోయింది కదత్తయ్యా," అంది కోడలు రొదాంథి.

"అది ముసలిదే!"

రొదాంథి నవ్వలేదు. "మీరు మానుకున్నారని నమ్మకం కుదిరేదాకా పిల్లని మీ ఒళ్లో పెట్టను. ఏమనుకున్నా సరే."

జంబేతమ్మ ఆ రోజు నుంచే మానుకోవాలని చూసింది. పుర్రెతో పుట్టిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు కదా! మాస్కు కట్టుకుని గుమ్మంలో నిలబడి చూస్తే చాలు, ఆ బూరెబుగ్గలకి నోరు దానంతటదే సున్నా చుట్టేది. పాపం, మాస్కు కింద బుగ్గలో ఒక ఆలివ్ కాయ పెట్టుకుని తిరిగింది. ఉమ్మబోతే కాయ అడ్డం పడేది.

ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ ఆ ఊరి కల్లిరోయి ముసలమ్మ వీళ్ల వాకిట్లోకొచ్చి, తోపుడుబండిలో ఉన్న పిల్ల మీదికి వంగింది. "అబ్బ, ఏం కళ్లే తల్లీ! ఫ్..."

జంబేతమ్మ ఒక్క గెంతులో వెళ్లి ఆవిడ నోటికి తన తలగుడ్డ అడ్డం పెట్టేసింది. "మింగు! మింగవే!"

కల్లిరోయి గుటక్కున మింగింది. "మతిపోయిందా నీకు? దిష్టి తగిలితే పాపం నీదే!"

"తగలనీ. దిష్టికైతే విరుగుడు నాకు తెలుసు. న్యుమోనియాకి తెలీదే, కల్లిరోయీ!" అంటూనే జంబేతమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

గుమ్మంలోంచి ఇదంతా చూసిన రొదాంథి వచ్చి పిల్లని ఎత్తి అత్తగారి ఒళ్లో కూర్చోబెట్టింది.

జంబేతమ్మ పిల్లని రెండు చేతులా పొదివి పట్టుకుంది. ఆలివ్ కాయని గట్టిగా పంటికింద పట్టుకుంది. చిట్టి జంబేత నాయనమ్మని ఎగాదిగా చూసింది. బొద్దుచేత్తో తలగుడ్డ జారిపోయిన ఆ నుదుటిని తడిమింది. మూతి సున్నా చుట్టింది.

"ఫ్తూ, ఫ్తూ, ఫ్తూ!"

డాక్టరు వద్దన్నది పిల్ల మీద ఉమ్మొద్దనే కదా! జంబేతమ్మ ఆ తడిని తుడుచుకోలేదు.